చెరువు కట్ట మీద సైకిల్ లైటు

మా నాయన సైకిలుకు డైనమో ఉండేది. టైరుకు ఆనిస్తే గర్రుమని తిరిగేది, ముందు లైటు వెలిగేది. 6 ఓల్టులు, 3 వాట్లు. ఇప్పుడు లైటు వెలుతురును కొలిచే ల్యూమెన్ల లెక్కలో వంద కూడా ఉండదు. ఆ లైటుతోనే ఆయన రాత్రిపూట అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీదుగా ఏళ్ల తరబడి ఇంటికొచ్చాడు.

పోయిన ఏడాది అదే దారికి నేను లైటు కొనబోతే అంగడాయన "ఇది తీసుకో అన్నా, వెయ్యి ల్యూమెన్లు" అన్నాడు. తీసుకున్నాను. మొదటి రాత్రే ఎదురుగా సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దిగిపోయాడు. "కండ్లు పోతాయి నాయనా, కిందికి దించు!" దించితే ముందు చక్రం దగ్గర తెల్లటి మడుగులా వెలుతురు, దాని అవతల అంతా చీకటి. గుంత కనపడేసరికి చక్రం అందులోనే ఉంది.

ల్యూమెన్ అంటే దీపం అన్ని వైపులకూ కలిపి ఇచ్చే మొత్తం వెలుతురు. అది ఎక్కడ పడుతుందో ఆ అంకె చెప్పదు. పడిన చోటు సంగతి చెప్పేది లక్స్: చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. 400 ల్యూమెన్లను 40 చదరపు మీటర్లకు పరిస్తే దక్కేది 10 లక్స్, 10 చదరపు మీటర్లకే మళ్లిస్తే 40. బిందెడు నీళ్లు చేనంతా చల్లడానికీ చెట్టు మొదట్లో పోయడానికీ ఉన్న తేడా ఇది. డ్రిప్పు వేసిన మా వైపు రైతుకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

దూరంతో ఇంకో చిక్కు ఉంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. 5 మీటర్ల దగ్గర 80 లక్స్ ఉంటే 10 మీటర్లకు 20, 20 మీటర్లకు 5. కాబట్టి లక్స్ చెప్పినా, ఎంత దూరంలో కొలిచారని అడగండి. జర్మనీ నిబంధనల ప్రకారం సైకిల్ లైటు 10 మీటర్ల దగ్గర కనీసం 10 లక్స్ ఇవ్వాలి. ఎదుటివాళ్ల కళ్లవైపు పోయే వెలుతురుకూ అక్కడ హద్దు ఉంది. నాకు ఈ రెండో నిబంధనే ఎక్కువ నచ్చింది.

ఇక మన కన్ను. వెలుతురు రెట్టింపు చేస్తే దానికి రెట్టింపుగా కనపడదు, కాస్త పెరిగినట్టే ఉంటుంది. అర లక్స్ కూడా లేని పున్నమి వెన్నెల్లో దారి పోల్చుకోగలిగేది కూడా ఆ కన్నే. కానీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే దానికి 20, 30 నిమిషాలు కావాలి. చక్రం దగ్గర వెలుతురు మరీ ఎక్కువైతే ఆ అలవాటు చెడుతుంది, దూరంగా ఉన్న గుంత ఇంకా నల్లబడుతుంది.

ఇప్పుడు నా సైకిలుకు 300 ల్యూమెన్లదే ఉంది. గోడ మీద వేస్తే పైఅంచు కత్తిరించినట్టు సూటిగా పడుతుంది, అంటే ఆ అంచుకు పైన ఎదుటివాళ్ల కళ్లవైపు వెలుతురు పెద్దగా పోదు. కొనేముందు అంగడి గోడ మీద నేను చూసింది అదొక్కటే. లైటు నేలకు మీటరు ఎత్తులో ఉంది. మా ఇంటి గోడకు 5 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టి, వెలుతురు పైఅంచు లైటు ఎత్తుకంటే 20 సెంటీమీటర్లు కిందపడేట్టు వంచాను. అలా వంచితే ఆ అంచు దారిలో 25 మీటర్ల దగ్గర నేలకు తగులుతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 5 మీటర్లు పోతాం కనుక, గుంత చూసి బ్రేకు పట్టడానికి అది ధారాళంగా సరిపోతుంది. గోడ మీద చాక్‌పీసుతో గీత గీసి పెట్టాను. ట్యూషన్‌కు పోయే మా పక్కింటి పిల్లోడు కూడా తన లైటును ఆ గీతకే సరిచూసుకుంటున్నాడు.