బోరింగు మీద పేరు చెక్కిస్తారు సరే, బ్లీచింగు ఎవరు కొంటారు?

మొన్న ఆదివారం మళ్ళీ అదే ఫోన్. "ఏమ్మా, రోహింగ్యాల క్యాంపులో మా నాన్నగారి పేరు మీద ఒక బోరు వేయించాలి. ఎంతవుతుంది? రాయి మీద పేరు చెక్కిస్తారా?" డల్లాస్‌లో స్థిరపడ్డ గుంటూరు డాక్టర్ గారు. మంచి మనిషి. ఏడాది పొడుగునా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎండాకాలం వస్తే చలివేంద్రం పెట్టే జాతి మనది, నీళ్ళకని అడిగితే లేదనరు. కానీ అందరికీ బోరే కావాలి.

విరాళాలు సేకరించే పనిలోకి రాకముందు నేను క్యాంపుల్లో నీళ్ళ పనే చేసేదాన్ని. అందుకే ఈ ఒక్క అపోహ దగ్గర నాకు ఓపిక ఉండదు.

అపోహ: బోరు పడితే నీళ్ళ సమస్య తీరినట్టే

2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు వచ్చిపడ్డారు. కుతుపలాంగ్ చుట్టుపక్కల కొండల మీద చెట్లు కొట్టేసి, మట్టి చదును చేసి, వెదురు బొంగులు పాతి టార్పాలిన్లు కప్పుకున్నారు. అప్పుడు బోర్లకు డబ్బు కరువు లేదు. ఎవరికి వారే వచ్చి బోరింగులు దించారు. కొన్ని వారాల్లోనే వేలకు వేలు లేచాయి. ఎక్కువ శాతం లోతు తక్కువవే, త్వరగా అయిపోతాయి కాబట్టి.

నీళ్ళు తీసే చోటికీ మరుగుదొడ్డి గుంతకూ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలన్నది మా లెక్క. ఆ కొండవాలులో మూడు మీటర్లు కూడా లేని చోట్లు నేనే టేపు పెట్టి కొలిచాను. పై గుడిసె వాళ్ళ దొడ్డి, దాని కిందే ఇంకో గుడిసె వాళ్ళ బోరింగు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉండేవి. పరీక్షిస్తే ఈ-కోలి, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా. ఎండాకాలానికి కొన్ని ఎండిపోయాయి, కొన్నిటిని మేమే మూసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే లోతైన బోర్లు, సోలార్ పంపులు, ఎత్తు మీద ట్యాంకులు, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదలడం మొదలయ్యాయి.

ఒక బోరింగు నాకు బాగా గుర్తు. గట్టు మీద నల్లరాయి, దాని మీద దాత తల్లిదండ్రుల పేర్లు, ఒక్క అక్షరం చెరగలేదు. హ్యాండిల్ లేదు. పాడైంది ఒక వాషరు. దాని ఖరీదు ఒక కప్పు టీ కంటే ఎక్కువుండదు. కానీ వాషరు కొనే పద్దు ఎవరి బడ్జెట్లోనూ లేదు, విప్పి బిగించే మనిషికి కూలి అసలే లేదు. ఇక హ్యాండిల్ దేనికని ఎవరో ఊడదీసుకుపోయారు. ఆ గట్టు మీద పిల్లలు గవ్వలాట ఆడుకుంటున్నారు.

ఇప్పుడు ఒక లెక్క. పదివేల మంది ఉన్న చోట మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, అంటే 1,50,000 లీటర్లు. కుళాయికి 250 మంది చొప్పున 40 కుళాయిలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేశామనుకుందాం, మొత్తం 300 గ్రాములు. మేం వాడే గాఢమైన బ్లీచింగ్ పౌడర్లో మూడింట రెండు వంతులు క్లోరిన్ ఉంటుంది. కాబట్టి రోజుకు దాదాపు 450 గ్రాముల పౌడర్ కావాలి. అరకిలో కూడా లేదు! పదివేల మందిని విరేచనాల నుంచి కాపాడేది అది. దాన్ని కొలిచి కలపడానికి ఒక మనిషి కావాలి, పొద్దునా సాయంత్రం కుళాయి దగ్గర పరీక్షించడానికి ఇంకో మనిషి కావాలి. ఇది ఈ రోజు కావాలి, రేపు కావాలి, పండగ రోజూ కావాలి. దీనికి డబ్బు అడిగితే మాత్రం "అవి జీతాలు కదమ్మా, మా డాలరు నీళ్ళకే వెళ్ళాలి" అంటారు.

నీళ్ళంటే ఆ జీతమే సార్. క్యాంపులో ఆ పని చేసేది చాలాచోట్ల శరణార్థులే, రోజుకింత అని భత్యం ఇస్తారు. వాళ్ళను మానిపిస్తే మిగిలేది మీ నాన్నగారి పేరున్న రాయి. 2025లో అమెరికా ప్రభుత్వ సాయానికి పెద్ద కోత పడ్డాక ఈ రోజువారీ ఖర్చులకే ఎక్కువ కటకట. ఇవ్వదలిస్తే నెలనెలా కొంచెం ఇవ్వండి. దేనికి వాడాలో సంస్థకే వదిలేయండి.

అపోహ: మన ఊళ్ళోలా ఆర్వో ప్లాంటు పెట్టిస్తే పోతుంది

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళ అపోహ. ఇరవై లీటర్ల టిన్నుకు అంత అలవాటు పడ్డాం. నల్గొండ లాంటి చోట ఫ్లోరైడ్ తీయాలంటే ఆర్వోకు అర్థం ఉంది. ఉప్పునీళ్ళున్న చోటా ఉంది. క్యాంపులో అసలు శత్రువు మలం. ఆర్వో కొంత నీటిని వృథాగా వదిలేస్తుంది, కరెంటు తింటుంది, పైగా వచ్చే నీళ్ళలో క్లోరిన్ ఉండదు. ప్లాంటు దగ్గర శుభ్రంగా పట్టిన బిందె గుడిసెకు చేరాక మూత ఉండదు, పిల్లాడు చెయ్యి ముంచుతాడు. మధ్యాహ్నానికి అవే నీళ్ళు పాడవుతాయి. బిందెలో కూడా కాపలా కాసేది మిగులు క్లోరిన్ ఒక్కటే, అంటే క్రిములను చంపగా ఇంకా నీళ్ళలో మిగిలి ఉన్నది. కుళాయి దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు ఉండాలంటారు. ఎండలు మండే చోట సాయంత్రం దాకా నిలవాలంటే ఇంకాస్త ఎక్కువే పెడతాం. "వాసన వస్తోంది, మందు కలిపారు" అని వాళ్ళూ గొడవపడతారు. హైదరాబాద్‌లో మా అత్తగారూ అదే మాట అంటారు, ఆవిణ్ణి నేనింతవరకూ ఒప్పించలేకపోయాను.

మిగతావి గబగబా

వాటర్ బాటిళ్ళు పంపుతాం: మొదటి రెండు మూడు రోజులకైతే సరే. ఆ తర్వాత లారీ కిరాయి, ప్లాస్టిక్ గుట్టలు. డబ్బే పంపండి.

మనమిచ్చినవి వాళ్ళు అమ్ముకుంటున్నారట: వాట్సాప్ చదువులు. సబ్బో పప్పో అమ్మేవాళ్ళు కొందరు ఉంటారు, నిజమే. చట్టప్రకారం ఉద్యోగం చేసుకోనివ్వని చోట పిల్లాడి మందులకు ఇంకేం అమ్మాలి? కుళాయి నీళ్ళు మాత్రం ఎవరూ అమ్ముకోవడం నేను చూడలేదు.

మా ఫ్రెండ్ ఖాతాకు పంపితే త్వరగా చేరుతుంది: వద్దు. ఎంత మంచి ఫ్రెండైనా వద్దు. రసీదు ఉండదు, లెక్క ఉండదు.

ఇక "వీళ్ళకిస్తే మనకేమైనా నోటీసులొస్తాయా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వీసా టెన్షన్ ఉన్నవాళ్ళు, పిల్లల గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాళ్ళు, భయం సహజం. మీరు అమెరికాలో ఉంటే, సంస్థకు 501(సి)(3) గుర్తింపు, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ అన్న గుర్తింపు, ఉందో లేదో ఐఆర్‌ఎస్ (అక్కడి పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో మీరే వెతుక్కోవచ్చు. రెండు నిమిషాల పని. ఉన్నదానికి ఇచ్చి, రసీదు దాచుకోండి. ఎఫ్‌సీఆర్‌ఏ అన్నది బయటి నుంచి ఇండియాలోకి వచ్చే విరాళాల చట్టం. అమెరికాలో ఉండి అమెరికా సంస్థకు ఇచ్చేదానికి అది అడ్డు రాదు. మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో, అంటే మీరిచ్చినదానికి తనూ కొంత కలుపుతుందేమో, హెచ్‌ఆర్‌ను అడగండి. చాలామంది అడగరు, ఊరికే వచ్చే డబ్బు పోతుంది.

డాక్టర్ గారి సంగతి. ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ బ్లీచింగ్ డబ్బా మీద స్టిక్కరైనా వేస్తారా?" అన్నారు. వేయరండీ అన్నాను. నవ్వి, నెలకింత అని ఒప్పుకున్నారు. ఒక్క ఫోటో మాత్రం కావాలన్నారు. కుళాయి దగ్గర పరీక్షించేటప్పుడు చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి ఒక మాత్ర వేస్తాం, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వస్తుంది. అక్కడి వాళ్ళను అడిగి ఆ గొట్టం ఫోటో తెప్పించి పంపాను.

సాయంత్రం వాళ్ళావిడ ఫోన్. "అమ్మాయ్, నీళ్ళకని ఇస్తే అక్కడ రోజ్ మిల్క్ పోస్తున్నారేమిటే?"