బీచ్ గుర్రానికి ఎడమ కన్ను అదిరితే

విశాఖ ఆర్కే బీచ్‌లో గుర్రపు స్వారీల గొడవ మళ్లీ రాజుకుంది. జంతు ప్రేమికులు ఆపేయమంటున్నారు, గుర్రాల వాళ్లు మా పొట్ట కొట్టొద్దంటున్నారు. 2015లో బాంబే హైకోర్టు ముంబై విక్టోరియా గుర్రపు బళ్లను చట్టవిరుద్ధమని తేల్చి, ఏడాదిలో ఆపేయమన్న సంగతి ఎప్పటిలాగే ఎవరో ఒకరు ఎత్తుతున్నారు. మెదడులో కుడి ఎడమల పని వేరన్న కథ పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు బ్రోకా కాలం నుంచి పుస్తకాల్లో ఉన్నదే, దాని జోలికి పోను. ఈ గొడవలో పనికొచ్చేది, గుర్రం ఏ వైపు నుంచి ఎక్కువ బెదురుతుందో చూసిన 2007 నాటి గొడుగు ప్రయోగం.

ఆస్ట్రేలియాలో ఆస్టిన్, లెస్లీ రోజర్స్ అనే పరిశోధకులు కలిసి 30 గుర్రాల మీద చేశారది. ఒక మనిషి ఐదు మీటర్ల దూరంలో గొడుగు తెరిచి, దగ్గరికి నడుచుకుంటూ వస్తాడు. గుర్రం ఎంత దూరం పోయి ఆగిందో కొలుస్తారు. ఎడమవైపు నుంచి వచ్చినప్పుడే ఎక్కువ దూరం పోయాయి. గుర్రం కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి కదా, ఎడమ కంటికి కనిపించింది చాలా మటుకు మెదడు కుడి భాగానికి చేరుతుంది. బెదురు, పరుగు ఆ భాగం వ్యవహారం.

ఇంతవరకూ అందరూ చెప్తారు. తర్వాతి సంగతే ఎవరూ ఎత్తరు. గొడుగును ముందు కుడివైపు నుంచి చూసిన గుర్రాల్లో ఈ తేడా కనిపించలేదు. కుడి కంటితో చూసి ఇదేం చెయ్యదులే అని తెలుసుకున్నాయేమో, ఎడమవైపు నుంచి వచ్చినా అవి అదనంగా బెదరలేదు. అంటే ఏ వైపు ముందు చూపించామన్నదే కీలకం.

30 గుర్రాలతో లోకంలోని గుర్రాలన్నిటి సంగతీ తేలిపోదు, నిజమే. అయితే 2010లో రాబిన్స్, ఫిలిప్స్ ఆవుల మందల్లోనూ ఇలాంటిదే చూశారు. కొత్తదాన్ని ఎడమ కంటితో, అలవాటయ్యాక కుడి కంటితో చూడటం. మనకిది మరీ వింతేం కాదు. దాపట (ఎడమ పక్క) ఎద్దును వలపట (కుడి పక్క) కడితే ఎంత అల్లరి చేస్తుందో అనకాపల్లి వైపు ఏ రైతుని అడిగినా చెప్తాడు.

గుర్రం దగ్గర మాత్రం అన్నీ ఎడమవైపు నుంచే. జీను బిగించడం, కళ్లెం పట్టడం, ఎక్కడం. రౌతు నడుముకు ఎడమపక్క కత్తి వేలాడిన రోజుల అలవాటంటారు. సాయంత్రం కాళీమాత గుడి దగ్గర నిలబడి చూడండి. పిల్లాడి ఎడమ కాలు రికాబులో పెట్టించి ఎక్కిస్తారు. గుర్రం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడిస్తే సముద్రం కుడి చేతికి, బీచ్ రోడ్డు ఎడమ చేతికి. బైకులు, హారన్లు, గాలికి ఊగే బెలూన్ల గుత్తి, అన్నీ ఎడమ కంటికే. తిరుగు దారిలో అవే కుడివైపుకి వస్తాయి. నన్నడిగితే కొత్త గుర్రాన్ని ముందు ఆ తిరుగు దారిలో నడిపించి చూడాలి.

జంతు ప్రేమికులు పుండ్లు, ఎండ, బరువు అంటున్నారు. కాదనలేం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా కొట్టడం, మోయలేని బరువు వేయడం లాంటివాటినే పేరుపెట్టి చెప్పింది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలట! బెదరగొట్టడం అన్న మాట ఆ వరుసలో లేదు.

ఆ మాట ఎత్తుతున్నది గుర్రాల వాళ్లే. పగ్గం పట్టుకుని పక్కన నడిచే మనిషి వల్ల గుర్రానికి టెన్షన్ లేదంటారు. సెల్ఫీ కోసం రోడ్డు వైపు నుంచి దూసుకొచ్చి మెడ మీద చెయ్యేసే వాళ్లతోనే తంటా అంటారు. గుర్రం ఒక్కసారి పక్కకి జరిగితే మీదున్న పిల్లాడు ఇసుకలో పడతాడు, తిట్లు మాత్రం తమకే. నీళ్ల అంచున ఒక దారి గీసిచ్చి, బెలూన్ల వాళ్లని అటు రానివ్వొద్దంటున్నారు. తెల్లవారుజామున వాకర్ల కోసం బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళలో కొత్త గుర్రాలను నడిపించుకోనివ్వమంటున్నారు. నిషేధం అడిగేవాళ్లు దీనికి ఇంకా జవాబు చెప్పలేదు.