‘స్టేషన్లో కూర్చోబెట్టారు’: 24 గంటల నియమం వెనక కథ

మాట్లాడే హక్కు గొప్పదా, ప్రాణానికున్న హక్కు గొప్పదా, సమానత్వం ముందా అని అమలాపురంలోనో భీమవరంలోనో టీ కొట్టు దగ్గర వాదన మొదలైతే ఓ పట్టాన తెగదు. కానీ రాత్రిపూట ఓ కుర్రాణ్ని జీపెక్కించుకుపోతే, ఇంట్లోవాళ్లు ప్లీడరుకి ఫోన్ చేసి అడిగేవి రెండే: ఎందుకు తీసుకెళ్లారు, ఎప్పుడు వదులుతారు? ఆ రెంటికీ రాజ్యాంగంలో జవాబు 22వ అధికరణంలో ఉంది. అరెస్టుకి కారణం చెప్పాలి, నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. టీ కొట్టు వాదనల్లో ఈ అధికరణం పేరు పెద్దగా వినపడదు. నా లెక్కలో మాత్రం మిగతా హక్కులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

పోలీసంటే మన దగ్గర ఉన్న భయం ఈనాటిది కాదు. కంపెనీ పాలనలో ఈ గోదావరి డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలోని రాజమండ్రి జిల్లా. శిస్తు వసూలు చేసేవాళ్లూ నేరాలు విచారించేవాళ్లూ ఒక్కరే. శిస్తు కట్టని రైతు వేళ్లను ‘కిట్టి’ అనే చెక్కల మధ్య పెట్టి నొక్కడం, మెడ వంచి కాలి వేళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం లాంటివి ప్రెసిడెన్సీ అంతటా సాగాయని 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘమే తేల్చింది. ఆ తర్వాతే 1859లో రెవెన్యూ నుంచి విడదీసి వేరే పోలీసు శాఖ పెట్టారు. గోదావరి జిల్లా పేరు పుట్టింది కూడా ఆ ఏడాదే. 1861లో పోలీసు చట్టం వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. తను పెట్టుకున్న పోలీసు మీద తెల్లదొరకే అంత నమ్మకం ఉందన్నమాట!

ఇప్పుడు శనివారాలు జనంతో కిటకిటలాడే వాడపల్లి వెంకన్న గుడి దగ్గర 1931 మార్చిలో రథోత్సవం జరుగుతోంది. రథం మీద గాంధీ బొమ్మ పెట్టారు. తీసేయమన్నారు పోలీసులు. జనం వినలేదు. కాల్పుల్లో నలుగురు పోయారు. గాంధీ–ఇర్విన్ ఒప్పందం కుదిరి అప్పటికి నెల కూడా కాలేదు. పోలీసు అధికారుల మీద కక్షతో 1933లో కాకినాడ బాంబు కేసు దాకా నడిచిన ప్రతివాది భయంకర వేంకటాచారి కథ కూడా ఆ రోజుల్లోదే.

రాజ్యాంగ సభలో కూర్చున్నవాళ్లలో జైలు చూసినవాళ్లకి తక్కువ లేదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి. 1948 డిసెంబరులో ఆవిడ, హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లే హక్కే మిగతా హక్కులన్నిటికీ మూలమన్న అర్థంలో మాట్లాడారు. అంబేడ్కర్ కూడా ఆ హక్కునిచ్చే 32వ అధికరణాన్నే రాజ్యాంగానికి ఆత్మ అన్నారు. ఏ హక్కు ముఖ్యమన్న వాదనని సభే మొదలుపెట్టిందనుకోవచ్చు. 22వ అధికరణం మాత్రం ఆలస్యంగా, 1949 సెప్టెంబరులో చేరింది. ఈ 24 గంటల నియమం నేర విచారణ స్మృతిలో ఎప్పటినుంచో ఉన్నదే కదా అని సభ్యులకి సందేహం. రాజ్యాంగంలో ఉంటే రేపు ఏ చట్టసభా దాన్ని తీసేయలేదన్నది అంబేడ్కర్ జవాబు. అదే అధికరణంలో, నేరం చేస్తాడన్న అనుమానంతో ముందే లోపల పెట్టే ముందస్తు నిర్బంధానికీ చోటిచ్చారు. ఆ వెసులుబాటుని తర్వాత ప్రభుత్వాలు బాగానే వాడుకున్నాయి.

కాగితం మీద రక్షణ పెరుగుతూనే వచ్చింది. అరెస్టు మెమో రాయాలి, బంధువులకి తెలియజేయాలి అని 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు, అరెస్టు తప్పనిసరైతేనే అని 2014లో ఆర్నేష్ కుమార్ తీర్పు.

డెల్టాలో జనం ఎక్కువగా విన్నది మాత్రం గుంపుగా చేరొద్దనే 144 సెక్షన్, సభలకీ ఊరేగింపులకీ పోలీసు అనుమతి అడిగే 1861 చట్టంలోని 30 సెక్షన్ అన్న మాటలే. 2016లో తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలతో గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడ్డం తిరిగితే, ఆ ఊళ్లలో 144 పెట్టారు. 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురం తగలబడినప్పుడు ఇంటర్నెట్టే ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి చేరారు. ఇళ్లు తగలబెడుతుంటే పోలీసులు చేతులు కట్టుకుని కూర్చోవాలని ఎవరూ అనరు. ఆంక్ష ఎన్నాళ్లు, ఎంతమంది మీద అన్నదే పేచీ. 2023 జనవరిలో రోడ్ల మీద సభలకి అడ్డుకట్టగా వచ్చిన ఒకటో నంబరు జీవో ఆ 1861 చట్టం మీదే నిలబడింది. మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

స్టేషన్ లోపలి సంగతి వేరు. స్వాతంత్ర్యోద్యమంలో గౌతమీ సత్యాగ్రహాశ్రమం నడిచిన సీతానగరంలోనే 2020 జులైలో, ఇసుక లారీ గొడవలో పట్టుకొచ్చిన దళిత యువకుణ్ని కొట్టి, స్టేషన్లోనే గుండు కొట్టించి మీసాలు తీయించారు. ఎస్సైని సస్పెండ్ చేసి, ఎస్సీ ఎస్టీ కేసులో అరెస్టు చేశారు. ఫోటో బయటికొచ్చింది కాబట్టి లోకానికి తెలిసింది.

2024 జులై నుంచి కొత్త నేర విచారణ స్మృతి వచ్చినా 24 గంటల నియమం సెక్షన్ నంబరు మారింది తప్ప అలాగే ఉంది. అరెస్టు కారణాలు రాసి ఇవ్వాలని, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని సుప్రీంకోర్టు ఈమధ్యే తేల్చింది. కానీ ప్లీడర్లు గొడవపడేది ఆ గడియారం ఎప్పుడు మొదలైందన్న దగ్గర. మంగళవారం రాత్రి తీసుకెళ్లిన మనిషి, పోలీసులు మేజిస్ట్రేటుకిచ్చే రిమాండ్ రిపోర్టులో గురువారం పొద్దున ఏ బస్టాండు దగ్గరో దొరుకుతాడు. మధ్యలో ఏమైందంటే, ‘విచారణకి పిలిచాం, కూర్చోబెట్టాం’ అంటారు. ప్రతి స్టేషన్లోనూ సీసీ కెమెరాలు పెట్టి, ఏడాదికి తగ్గకుండా ఫుటేజీ దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇలాంటి తగాదాలు తీర్చడానికి కూడా పనికొస్తుంది. అందుకే ఇప్పుడు తెలిసిన ప్లీడర్లు బెయిల్ పిటిషన్ కంటే ముందు, తీసుకెళ్లిన రాత్రి ఫుటేజీ భద్రపరచమని కోర్టులో అర్జీ వేస్తున్నారు.