శివారు చేనుకు చేరే నీరు ఎవరి అధికారంలోది?

కోనసీమ శివారు ఆయకట్టులో దాళ్వా (రబీ వరి) నాట్లు వేసిన రైతుకు ప్రభుత్వమంటే ముందు గుర్తొచ్చేది తూము దగ్గర తిరిగే కాలువ ఉద్యోగి, లస్కరే. కానీ ఆ తూముకు నీరందాలంటే ఢిల్లీ, అమరావతి, భువనేశ్వర్‌లలో జరిగే నిర్ణయాలన్నీ కలిసిరావాలి.

1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలంలో ఈ చిక్కు లేదు; కాలువ, లాకు, నీటి తీరువా (నీటి పన్ను) అన్నీ మద్రాసు సర్కారువే. రాజ్యాంగం నీటిని రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా చేర్చి, అంతర్రాష్ట్ర నదులపై కేంద్రానికి 56వ అంశం కింద అధికారమిచ్చింది. 1956లో నదీ మండళ్ల చట్టం వచ్చినా దాని కింద ఒక్క మండలీ ఏర్పడలేదు. గోదావరి వాటాలను 1969లో నియమించిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో తేల్చింది. రాష్ట్ర విభజన చట్టం 2014లో పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించి, గోదావరి బోర్డునూ తెచ్చింది. ఆ బోర్డు పరిధిని నోటిఫై చేయడానికి మాత్రం 2021 జూలై దాకా పట్టింది.

ఈ పంపకాలు రైతుకు నేరుగా తగిలేది దాళ్వాలోనే. నదిలో సహజ ప్రవాహం సన్నగిల్లినప్పుడు సుమారు పది లక్షల ఎకరాల డెల్టాను ఆదుకునేది సీలేరు విద్యుత్కేంద్రాల నుంచి శబరి మీదుగా దిగే నీరు. దానికి ఆధారమైన బలిమెల జలాశయం ఒడిశాతో ఉమ్మడిది కనుక, కరెంటు లెక్కకూ వరి పొట్టదశకూ పొత్తు కుదరని ఏడాది డెల్టాలో వంతులవారీ విధానం మొదలవుతుంది. ఆ వంతు శివారుకు వచ్చేసరికి కాలువ అడుగంటడం పాత కథే.

కింది అంచెలో జరిగిన వికేంద్రీకరణ మరీ బలహీనమైనది. పంచాయతీల కోసం రాజ్యాంగ 73వ సవరణ తెచ్చిన 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్ననీటిపారుదల, నీటి యాజమాన్యం ఉన్నా, పెద్ద కాలువలు జలవనరుల శాఖ దగ్గరే ఉండిపోయాయి. 1997లో వచ్చిన రాష్ట్ర చట్టం పంచాయతీలను పక్కనపెట్టి, రైతులతోనే నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. ఆలోచన మంచిదే. అయితే తీరువా వసూలు రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండటంతో, గుర్రపుడెక్క తీయడానికైనా సంఘం పైవారి మంజూరు కోసం చూడవలసి వచ్చింది. చాలాకాలం ఎన్నికలు లేక నీరసించిన ఈ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

వేసవిలో కాలువలు కట్టేసేలోగా మంచినీటి చెరువులు నింపుకోవలసిన బాధ్యత పంచాయతీది. కట్టేసే తేదీని ఖరారు చేసేది మాత్రం జిల్లా నీటిపారుదల సలహా మండలి.