క్రిస్టలైజేషన్ అంటే చల్లార్చి వడకట్టడమేనా? అపోహలు - వాస్తవాలు

"రియాక్షన్ అయిపోయిందిగా, ఇక మిగిలింది క్రిస్టలైజేషనే కదా" అంటారు. ఆ "కదా" వింటే మందుల ఫ్యాక్టరీలో తయారీ పద్ధతి చూసే మా ప్రాసెస్ వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. క్రిస్టలైజేషన్ అంటే ద్రావణంలో కరిగున్న మందుని క్రిస్టల్స్‌గా (స్ఫటికాలుగా) బయటికి తియ్యడం.

అపోహ: ఎంత త్వరగా చల్లారిస్తే అంత టైమ్ కలిసొస్తుంది.

వాస్తవం: రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి ఒక్కసారిగా బ్రైన్ (బాగా చల్లటి ఉప్పునీళ్ళు) వదిలేస్తే సూపర్‌శాచురేషన్ (కరగగలిగిన దానికంటే ఎక్కువ సరుకు ద్రావణంలో ఉండటం) అమాంతం పెరిగిపోయి లెక్కలేనన్ని బుల్లి క్రిస్టల్స్ ఒకేసారి పుట్టేస్తాయి, ఉన్న సరుకంతా వాటికే పంచిపెట్టేసరికి ఏదీ సరిగ్గా పెరగదు. ఇక ఆ ఫైన్స్ (బుల్లి క్రిస్టల్స్) ఫిల్టర్ క్లాత్‌ని పట్టేస్తాయి, రియాక్టర్ దగ్గర మిగుల్చుకున్న టైమంతా సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి వడకట్టే మెషీన్) దగ్గర వడ్డీతో సహా కట్టాలి, పైగా వడకట్టాక మిగిలిన ముద్ద (కేక్)లో మదర్ లిక్కర్ (క్రిస్టల్స్ పోగా మిగిలిన ద్రావణం) ఇరుక్కుపోయి ఇంప్యూరిటీ కూడా ఓ పట్టాన దిగదు. మొదట్లో పెరగడానికి క్రిస్టల్ సర్ఫేస్ తక్కువ కాబట్టి నెమ్మదిగా మొదలుపెట్టి, క్రిస్టల్స్ పెరిగేకొద్దీ స్పీడు పెంచాలి. ఊరికే మొత్తం నెమ్మదిగా చేసినా టైమ్ దండగే.

అపోహ: సీడింగ్ అంటే చిటికెడు పౌడర్ వేసెయ్యడం.

వాస్తవం: సీడ్ అంటే క్రిస్టల్స్ పెరగడానికి మొదలుగా వేసే అదే పదార్థపు క్రిస్టల్ పొడి, దాన్ని ఎప్పుడు వేశారన్నదే అసలు సంగతి. ముందే వేస్తే కరిగిపోతుంది, లేటుగా వేస్తే ఈలోపు క్రిస్టల్స్ వాటంతటవే పుట్టేసి ఉంటాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న మెటాస్టేబుల్ జోన్ ఎంతో ముందు కొలుచుకోకపోతే గుడ్డిగా వేసినట్టే.

అపోహ: హెచ్‌పీఎల్‌సీలో (ప్యూరిటీ కొలిచే టెస్టులో) 99.9 శాతం వచ్చింది, ఇక ఢోకా లేదు.

వాస్తవం: హెచ్‌పీఎల్‌సీకి శాంపిల్ కరిగించి పెడతాం, కరిగాక ఏ క్రిస్టల్ ఫామ్ (మాలిక్యూల్స్ పేర్చుకున్న తీరు) అయినా ఒకటే, అది దానికేం తెలుస్తుంది పాపం. రిటోనవిర్ కథ తెలుసుగా? 1996లో మార్కెట్లోకొచ్చిన హెచ్‌ఐవీ మందు, 1998లో ఉన్నట్టుండి క్యాప్సూల్స్ డిసొల్యూషన్ (ఎంత బాగా కరుగుతుందో చూసే) టెస్టులో ఫెయిలవడం మొదలయ్యాయి. మాలిక్యూల్ అదే, కానీ అంతవరకూ ఎవరూ చూడని కొత్త పాలిమార్ఫ్ (అదే మాలిక్యూల్‌కి ఇంకో క్రిస్టల్ ఫామ్) పుట్టుకొచ్చింది, అది పాతదానికంటే స్టేబుల్, కరగడం మాత్రం చాలా తక్కువ. క్యాప్సూల్స్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఆ కొత్త ఫామ్ ఒకసారి అడుగుపెట్టిన చోట పాతది తియ్యడం గగనమైపోయింది, ఎందుకంటే కంటికి కనపడనంత రవ్వ మిగిలినా అదే సీడ్‌గా పనిచేస్తుంది. అందుకే ప్యూరిటీతో పాటు పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో క్రిస్టల్ ఫామ్ చూసే టెస్టు) కూడా చూడండి బాబూ.

అపోహ: ల్యాబ్‌లో బాగా వచ్చింది, ప్లాంట్‌లోనూ అలాగే వస్తుంది.

వాస్తవం: రాదు. పెద్ద రియాక్టర్‌లో వాల్యూమ్ పెరిగినంతగా చల్లార్చే గోడ పెరగదు, ఆ గోడేమో బాగా చల్లగా ఉండి దాని మీదే పెచ్చులు కడుతుంది. ఇంకో తమాషా, ల్యాబ్‌లో కలపడానికి వేసే మ్యాగ్నెటిక్ బీడ్ ఫ్లాస్క్ అడుగున క్రిస్టల్స్‌ని నూరేస్తూ ఉంటుంది, అంటే మనకి తెలియకుండానే కొత్త న్యూక్లియైలు (క్రిస్టల్ మొలకలు) తయారవుతుంటాయి. అక్కడ సైజు చిన్నగా వచ్చింది మన ప్రాసెస్ గొప్పతనం అనుకుని ప్లాంట్‌కెళ్ళాం ఒకసారి. అక్కడ కలపడానికి ఎజిటేటర్ ఉంటుంది గానీ నూరే బీడ్ ఉండదుగా, సైజు మొత్తం మారిపోయింది, మళ్ళీ ల్యాబ్‌కొచ్చి ఓవర్‌హెడ్ స్టిరర్ (పైనుంచి కలిపే రెక్క) పెట్టి మొదట్నుంచీ చేశాం.