ఈదుతూ ఈడేరే చేప

యూరప్‌లో మలుగుపాముల్ని, అంటే ఈల్ చేపల్ని, ట్యాంకుల్లో పెంచి అమ్మే వ్యాపారం దశాబ్దాలుగా ఉంది. అయినా ఆ ఫారాలు ఇప్పటికీ సముద్రంలో సహజంగా పుట్టి తీరానికి కొట్టుకొచ్చే చేపపిల్లల మీదే ఆధారపడుతున్నాయి. 1980 తర్వాత ఆ పిల్లల రాక 90 శాతానికి పైగా పడిపోయింది. 2007లో యూరోపియన్ యూనియన్ రక్షణ నిబంధనలు తెచ్చింది. మరి వీటిని ట్యాంకులోనే గుడ్లు పెట్టించలేరా?

ఈ చేప పుట్టుక మొదటి నుంచీ చిక్కుముడే. బురదలోంచి పుడుతుందని అరిస్టాటిల్ అనుకున్నాడు. 1876లో ట్రియెస్టెలో విద్యార్థిగా ఉన్న సిగ్మండ్ ఫ్రాయిడ్ మగ బీజకోశాల కోసం దాదాపు 400 ఈల్స్ కోసి చూసి కూడా గట్టిగా ఏమీ తేల్చలేకపోయాడు. పాపం, ఆయన తప్పేం లేదు. నదుల్లో ఉన్నంతకాలం వాటి బీజకోశాలు ఎదగవు. 1920ల మొదట్లో డెన్మార్క్‌కు చెందిన యోహానెస్ ష్మిట్, అన్నిటికంటే చిన్న లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన తొలిదశ పిల్లలు, దొరికిన చోటును బట్టి, ఇవి గుడ్లు పెట్టేది అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో అని చెప్పాడు.

మన పులస గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కుతుంది. ఈల్ నది వదిలి సముద్రానికి వెళుతుంది, అదీ దాదాపు 5,500 కిలోమీటర్లు, తిండి లేకుండా. బయల్దేరేటప్పటికి దాని శరీరం ఇంకా సంతానోత్పత్తికి సిద్ధంగా ఉండదు. 1936లో ఫ్రాన్స్‌లో మోరిస్ ఫోంటేన్ హార్మోన్లుండే గర్భిణుల మూత్రం ఎక్కించి మగ ఈల్స్‌ని పక్వానికి తెచ్చాడు. అంటే శరీరంలో లోపం లేదు, సంకేతమే అందడం లేదు. మెదడులోని డోపమైన్ అనే రసాయనం ఆ సంకేతాన్ని తొక్కిపెడుతోందని 1980లలో ఫ్రెంచ్ పరిశోధకులు చూపించారు.

ప్రయాణమే ఆ సంకేతమా? ఈత వల్ల ఏం జరుగుతుందో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ఫాన్ డెన్ టిలార్ట్ బృందం నీటి సొరంగాల్లో, అంటే చేప ఎదురీదేలా నీరు పారే గొట్టాల్లో, పరీక్షించింది. అక్కడ ఈల్స్ ఏమీ తినకుండా 173 రోజుల్లో 5,500 కిలోమీటర్లు ఈదాయి. ఒంట్లోని కొవ్వు సరిపోయింది, శక్తి ఖర్చు కూడా ఊహించినదానికంటే బాగా తక్కువ. 2008లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్యన్ పాల్‌స్ట్రా తదితరులు, మగ ఈల్స్ ఈతతోనే పక్వానికి వస్తాయని ప్రకటించారు.

ఆడవాటి దగ్గరే కథ అడ్డం తిరిగింది. ఈదేకొద్దీ అండాల్లో కొవ్వు చేరి తొలిదశ ముందుకు సాగింది. కానీ కాలేయం పచ్చసొన ప్రొటీన్ తయారుచేయడం తగ్గిపోయిందని 2010లో తేలింది. మొదట్లో ఇది నిరాశగానే అనిపించినా, ఆలోచిస్తే అర్థముంది. దారిలో కండరాలకు శక్తి కావాలి, సొన పని గమ్యం దగ్గరపడ్డాక చూసుకోవచ్చు. అందుకే ఈతతో శరీరాన్ని సిద్ధం చేసి, ఆ తర్వాతే హార్మోన్లు ఇవ్వాలనే ఆలోచన వచ్చింది.

నదిలో బతికే ఈల్స్‌కు వేరే టెన్షన్ ఉంది. 1980లలో ఆసియా ఈల్స్ దిగుమతితో వచ్చిన ఒక పరాన్నజీవి పురుగు వాటి ఈత తిత్తిని, అంటే నీటిలో తేలడానికి సాయపడే గాలి సంచిని, పాడుచేస్తోంది. ఆ తిత్తి దెబ్బతిన్న చేపలు అదే దూరానికి ఎక్కువ శక్తి ఖర్చుపెడతాయి. గుడ్లకు మిగలాల్సిన కొవ్వు దారిలోనే కరిగిపోతుంది.