నత్తి: బయటికి వినిపించేది కొంతే

బడిలో పొద్దున "భారతదేశం నా మాతృభూమి" అని పిల్లలంతా ఒక్క గొంతుతో చెప్పే ప్రతిజ్ఞను నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాశారు. తీవ్రమైన నత్తి ఉన్న పిల్లాడు కూడా వరుసలో నిలబడి దాన్ని ఆగకుండా చెప్పగలడు. అదే పిల్లాణ్ణి ముందుకు పిలిచి ఒంటరిగా చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోవచ్చు. "టెన్షన్ పడకు, మెల్లగా చెప్పు" అంటారు పెద్దలు. టెన్షన్ నత్తిని పెంచుతుంది, నిజమే. కానీ నత్తికి మూలం అది కాదు.

మాట రావాలంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు సరైన క్షణంలో కలిసి కదలాలి. ఆ క్షణం అందించడంలో మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగానికి పాత్ర ఉంది. నత్తి ఉన్నవాళ్ల మెదడు స్కాన్లలో, ఎడమవైపు మాటను సిద్ధం చేసే భాగాన్నీ నోటిని కదిలించే భాగాన్నీ కలిపే దారుల్లో తేడాలు కనిపించాయి. ఏం చెప్పాలో పూర్తిగా తెలుసు, కదలికే మొదలుకాదు. పక్కవాళ్ల గొంతు వినిపిస్తుంటే ఆ సరైన క్షణం వాళ్ల లయ ద్వారా బయటి నుంచి అందుతుందని శాస్త్రవేత్తల అంచనా. బతుకమ్మ పాటలో గొంతు కలిపినప్పుడు నత్తి మాయమయ్యేదీ అందుకే కావచ్చు.

వంశపారంపర్యం కూడా ఉంది. 2010లో అమెరికా పరిశోధకులు పాకిస్తాన్ కుటుంబాలను పరిశీలించి 12వ క్రోమోజోమ్‌లోని ఒక జన్యువులో మార్పులకు నత్తితో సంబంధం ఉందని చూపారు. చిన్నప్పుడు వస సరిగా పోయలేదని తల్లిని నిందించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నింద చాలా అన్యాయం.

నూటికి సుమారు అయిదుగురు పిల్లల్లో, ఎక్కువగా రెండు నుంచి అయిదేళ్ల మధ్య, నత్తి మొదలవుతుంది. చాలామందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాకా మిగిలేది నూటికి ఒకరికి, అందులోనూ మగవాళ్లకే ఎక్కువ.

అలా మిగిలిన కుర్రాడు కాలేజీ వయసుకొచ్చేసరికి మాటలు మార్చడంలో ఆరితేరతాడు. కల్వకుర్తిలో బస్సెక్కి "పాలమూరు" అనబోతే పెదవులు బిగుసుకుంటాయి. వెంటనే "మహబూబ్‌నగర్" అంటాడు. అదీ రాకపోతే దారిలోని జడ్చర్లకే టికెట్ తీసుకుని అక్కడ దిగి ఇంకో బస్సెక్కుతాడు. కండక్టర్‌కు తేడా ఏమీ తెలియదు. హోటల్లో ఇష్టమైనది కాక నోటికి వచ్చేది అడుగుతాడు. ఫోన్ మోగితే తమ్ముడికి ఇస్తాడు. క్లాసులో జవాబు తెలిసినా తెలియదంటాడు, తెలివితక్కువవాడన్న పేరు మోస్తాడు. ఇంత చేసినా తన పేరును మాత్రం మార్చుకోలేడు. ఇంటర్వ్యూలో మొదట అడిగేదేమో పేరే. ఈ దాగుడుమూతలు నత్తి కన్నా ఎక్కువ అలసట తెస్తాయి, పైగా భయాన్ని పెంచుతాయి.

అందుకే ఆ వయసులో స్పీచ్ థెరపీ నత్తిని తుడిచేయడం మీదే దృష్టి పెట్టదు. మాటను బిగువు లేకుండా మొదలుపెట్టడం, "నాకు నత్తి ఉంది, కాస్త ఆగండి" అని ముందే చెప్పడం, తప్పించుకున్న మాటనే మళ్లీ పలకడం నేర్పిస్తారు. వినేవాళ్లు వాక్యాన్ని తామే పూర్తి చేయకుండా, చూపు తిప్పుకోకుండా ఆగితే ఆ సాధన నిలుస్తుంది. హాజరుకు పలకమనే బదులు చెయ్యెత్తితే చాలని లెక్చరర్ అనుమతిస్తే మేలే, కానీ ముందు ఆ పిల్లాణ్ణే అడగాలి. కొందరు పలకాలనే కోరుకుంటారు.

చిన్నపిల్లల్లో నత్తి ఆరు నెలలు దాటి కొనసాగితే, నాలుక కింద గులకరాళ్లు పెట్టించే వైద్యాలకు పోకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి సమస్యల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.